ఉక్కు దూలం ఎన్ని నిమిషాలు ఆగుతుంది?

మన సమావేశాల్లో కనీస వేతనాల గురించి మాట్లాడుకుంటాం. పీస్ రేటు గురించి, ప్రసూతి సెలవు గురించి, సూపర్‌వైజర్ల నోటిదురుసు గురించి, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా చెప్పి వెళ్లవలసి రావడం గురించి గంటల తరబడి చర్చిస్తాం. ఆ స్త్రీలు రోజుకు తొమ్మిది పది గంటలు ఏ కప్పు కింద కూర్చుని పనిచేస్తున్నారో, ఆ కప్పును మోసే దూలాల గురించి మాత్రం మాట్లాడుకోం. అది ఇంజనీర్లు చూసుకునే విషయం అనుకుంటాం. సాంకేతిక విషయాలన్నీ మగవాళ్ల పరం చేసే పాత అలవాటే ఇక్కడా పనిచేస్తూ ఉంటుంది. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. దూలానికి ఎంత మందం ఉండాలో లెక్కగట్టడం నా పని కాదు. కానీ ఆ మందం ఎవరి కోసం, ఎవరి లెక్క ప్రకారం నిర్ణయమవుతోందో అడగడం నా పనేనని, మనందరి పనీ అని ఈ వ్యాసంలో వాదించదలచుకున్నాను.

1993 మే 10న థాయ్‌లాండ్‌లో జరిగిన సంఘటనతో మొదలుపెడతాను. బ్యాంకాక్ నగరానికి పక్కనే ఉన్న నకోన్ పతోం ప్రాంతంలో కేడర్ అనే కంపెనీకి బొమ్మల ఫ్యాక్టరీ ఉండేది. విదేశాల్లోని పిల్లలు పక్కలో పెట్టుకుని పడుకునే మెత్తటి గుడ్డబొమ్మలు, ప్లాస్టిక్ బొమ్మలు అక్కడ తయారయ్యేవి. ఒకదానితో ఒకటి కలిసి ఉన్న నాలుగంతస్తుల భవనాలవి. ఉక్కు స్తంభాలు, ఉక్కు దూలాల మీద లేపినవి. పనిచేసేవాళ్లలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఆ రోజు సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో మొదటి భవనం కింది అంతస్తులో, తయారైన సరుకు నిల్వచేసే చోట నిప్పు కనిపించింది. ఆ భవనంలో అలారం మోగలేదు. అది చిన్న మంటేనని, పని ఆపవద్దని పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు చెప్పారు. గుడ్డ, పాలియెస్టర్ దూది, ప్లాస్టిక్ నిండిన ఆ భవనంలో మంట పైకి ఎగబాకడానికి ఎంతోసేపు పట్టలేదు. తలుపులు చాలావరకు తాళాలు వేసి ఉన్నాయి. మెట్ల దగ్గర తొక్కిసలాట. కిటికీల్లోంచి దూకినవాళ్లు దూకారు. మంట కనిపించిన గంటంబావు తిరిగేసరికి ఆ భవనం మొత్తంగా కుప్పకూలింది. మరో గంట గడవకముందే పక్కనున్న రెండు భవనాలూ కూలాయి. 188 మంది చనిపోయారు. గాయపడినవాళ్లు వందల్లో ఉన్నారు. పైనుంచి దూకి బతికినవాళ్లలో ఎందరో తీవ్రంగా గాయపడ్డారు.

మంటల్లో చిక్కుకున్న భవనం అంత త్వరగా ఎందుకు కూలిందన్న ప్రశ్నకు సమాధానం చాలా చిన్నది. ఆ ఉక్కుకు ఎలాంటి కాపుదలా లేదు. కాపుదల అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మనలో చాలామందికి ఇక్కడే పొరపాటు అభిప్రాయం ఉంది.

ఇనుముతో కట్టినది కాలిపోదు కాబట్టి భయం లేదనుకుంటాం. ఇనుము కాలదన్నది నిజమే. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. గుడ్డలు, కాగితాలు, ఫర్నిచరు తగలబడే మామూలు అగ్నిప్రమాదంలో అంత వేడి పుట్టదు. 800 నుంచి 1000 డిగ్రీల వరకు ఉంటుంది. అయితే కూలడానికి కరగనక్కరలేదు. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరికి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. కర్రు ఎర్రబడితే చాలు, సమ్మెట దెబ్బకు సాగుతుంది, వంగుతుంది. 550, 600 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి ఉక్కు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. మీద ఉన్న బరువు మాత్రం సగం కాదు కదా. యంత్రాలు, సరుకు, మనుషులు, కాంక్రీటు అన్నీ అలాగే ఉంటాయి. సమ్మెట చేసే పని అప్పుడు ఆ బరువే చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. వేడెక్కిన ఉక్కు సాగుతుంది. పది మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే ఆరేడు సెంటీమీటర్లు పొడుగు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే మెలి తిరుగుతుంది, లేదా తనను పట్టుకున్న స్తంభాన్ని పక్కకు నెట్టేస్తుంది, బోల్టులను తెంపుతుంది. దూలం ఎంత పలచనైతే అంత త్వరగా వేడెక్కుతుంది. పొయ్యి మీద రేకు మూకుడుకూ మందపాటి ఇనుప పెనానికీ ఉన్న తేడాయే ఇది. ఏ కాపుదలా లేని మామూలు ఉక్కు దూలం పెద్ద మంటలో నిలబడే సమయాన్ని ఇంజనీర్లు సాధారణంగా పావుగంటగా లెక్కవేస్తారు. పదిహేను నిమిషాలు. ఈ అంకెను దయచేసి గుర్తుంచుకోండి.

ఈ పావుగంటను గంటకో, రెండు గంటలకో, నాలుగు గంటలకో పెంచడం కష్టమైన విద్యేమీ కాదు. దూలం చుట్టూ కాంక్రీటు పోయవచ్చు. జిప్సం బోర్డుతో పెట్టెలా మూయవచ్చు. వెర్మిక్యులైట్ వంటి ఖనిజం కలిపిన గుజ్జును చిమ్మి పూయవచ్చు. వేడి తగిలితే పొంగి, మందపాటి నురుగులా గట్టిపడి, ఉక్కును కప్పేసే ప్రత్యేకమైన రంగులు కూడా ఉన్నాయి. ఇవన్నీ దశాబ్దాలుగా ప్రపంచానికి తెలిసినవీ, బజారులో దొరుకుతున్నవీ. అందువల్ల 'ఉక్కు భవనం మంటలకు ఎంతసేపు ఆగుతుంది' అన్నది ఉక్కు స్వభావానికి సంబంధించిన ప్రశ్న కాదు. లోపల ఉన్న మనుషులకు ఎన్ని నిమిషాలు ఇవ్వాలని కట్టినవాడు నిర్ణయించుకున్నాడు అన్నదే అసలు ప్రశ్న. అది డబ్బుకు సంబంధించిన నిర్ణయం. మనుషుల విలువకు సంబంధించిన నిర్ణయం కూడా.

ఉక్కును నేను దోషిగా నిలబెట్టడం లేదు. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం దాదాపు 19 గంటలు కాలింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. దూలాలు వంగాయి, పగుళ్లు వచ్చాయి, కానీ భవనం కూలలేదు. దాని ఉక్కుకు పూత ఉంది. ఎనిమిది అంతస్తులను మింగిన మంట 30వ అంతస్తులో పది స్ప్రింక్లర్లు నీళ్లు చిమ్మితే ఆగిపోయింది. 1990లో లండన్‌లోని బ్రాడ్‌గేట్‌లో, ఇంకా పూత పూర్తికాని 14 అంతస్తుల ఉక్కు భవనం తగలబడి కూడా నిలబడింది. ఆశ్చర్యపోయిన ఇంజనీర్లు కార్డింగ్టన్ అనే చోట ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనాన్ని ప్రయోగం కోసమే కట్టి, 1995, 96 సంవత్సరాల్లో అందులో నిప్పు పెట్టి చూశారు. పూత లేని దూలాలు 1000 డిగ్రీలు దాటినా భవనం కూలలేదు. స్తంభాలకు కాపుదల ఉంది, దూలాలతో కలిపి పోసిన కాంక్రీటు పలక చాపలా సాగి బరువును పంచుకుంది. విడిగా పరీక్షించిన దూలం కంటే కలిసికట్టుగా ఉన్న చట్రం బలమైనదని తేలింది. కార్మిక సంఘాలకు కూడా నచ్చే సిద్ధాంతమే!

అయితే ఆ ప్రయోగఫలితం పట్టుకుని అన్ని ఉక్కు కట్టడాలూ ఆగుతాయనడం మోసమవుతుంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో కూలిన జంట భవనాల విషయంలో 'ఉక్కు కరగదు కదా, ఎలా కూలింది' అంటూ ఎన్నో పుకార్లు పుట్టాయి. విమానాలు గుద్దినప్పుడు ఉక్కు మీది పూత రాలిపోయిందనీ, ఆ తర్వాతి మంటల్లో బట్టబయలైన ఉక్కు బలహీనపడిందనీ అమెరికా ప్రభుత్వ సంస్థ దర్యాప్తు తేల్చింది. అదే రోజు కూలిన ఏడవ భవనాన్ని ఏ విమానమూ గుద్దలేదు. వేడికి పొడుగు పెరిగిన దూలాలు ఒక పెద్ద దూలాన్ని దాని ఆసరా మీదినుంచి నెట్టేశాయి. స్ప్రింక్లర్లకు నీళ్లు అందలేదు. 2017 జనవరిలో టెహ్రాన్‌లోని ప్లాస్కో భవనం మూడున్నర గంటలు కాలి కూలినప్పుడు 16 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనం నిండా బట్టలు కుట్టే చిన్నచిన్న వర్క్‌షాపులే.

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే దూలాలకు పూత పూస్తే సమస్య తీరిపోతుందన్నమాట అనుకోవచ్చు. తీరదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీలో జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఈ ప్రమాదం గురించి మార్చి 8 సభల్లో చాలామంది విన్నారు. మహిళా దినం దీనివల్లే పుట్టిందని పొరపాటుగా చెబుతూ ఉంటారు. నిజానికి క్లారా జెట్కిన్ ప్రతిపాదన 1910 నాటిది. మొదటి అంతర్జాతీయ మహిళా దినం 1911 మార్చి 19న జరిగింది. అది జరిగిన ఆరు రోజులకే ఈ ప్రమాదం.

ఆ ఫ్యాక్టరీ ఉన్నది పదంతస్తుల ఆష్ భవనంలో, పై మూడు అంతస్తుల్లో. ఉక్కు చట్రం, దాని చుట్టూ కాల్చిన మట్టి పెంకుల కవచం. అగ్నికి చెక్కుచెదరని భవనమని దానికి పేరు. ఆ పేరు నిలబెట్టుకుంది కూడా. మంటలు ఆరాక చట్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, న్యూయార్క్ విశ్వవిద్యాలయం దాన్ని వాడుకుంటోంది. చనిపోయినవాళ్లు 146 మంది. వాళ్లలో 123 మంది స్త్రీలు, బాలికలు. ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్‌లోని యూదు కుటుంబాల నుంచి వలస వచ్చినవాళ్లు, ఇరవై ఏళ్లు అటూ ఇటూ వయసువాళ్లు. ఎనిమిదో అంతస్తులో గుడ్డముక్కల పెట్టెలో పుట్టిన మంట ఇరవై నిమిషాల లోపే ఈ పని చేసింది. పదో అంతస్తులో యజమానులు ఉన్నారు. కింద నిప్పంటుకుందని వాళ్లకు టెలిఫోను వచ్చింది, కప్పు ఎక్కి తప్పించుకున్నారు. మధ్యలో తొమ్మిదో అంతస్తులో కుట్టుమిషన్ల దగ్గరున్న ఆడపిల్లలకు చెప్పినవాళ్లు లేరు. ఒకవైపు మెట్ల తలుపుకు తాళం. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు విరిగిపడ్డాయి. అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. అదే ఫ్యాక్టరీ అమ్మాయిలు 1909లో న్యూయార్క్ కుట్టుపనివాళ్ల మహా సమ్మెలో పాల్గొన్నారు. యజమానులు యూనియన్‌ను ఒప్పుకోలేదు. ప్రమాదం తర్వాత వాళ్ల మీద నడిచిన కేసును 1911 డిసెంబరులో కొట్టేశారు. 1914లో పరిహారంగా ఒక్కో మరణానికి 75 డాలర్ల చొప్పున ఇచ్చారు. యజమానులకు అందిన బీమా సొమ్ము దానికంటే చాలా ఎక్కువ. ఆ భవనం మీద 2023 అక్టోబరులో ఒక స్మారకం ఆవిష్కరించారు. చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన పొడవాటి ఉక్కు పట్టీ అది.

ట్రయాంగిల్‌లో భవనం నిలబడింది, స్త్రీలు చనిపోయారు. కేడర్‌లో భవనం కూలింది, స్త్రీలు చనిపోయారు. రెండుచోట్లా తలుపులకు తాళాలున్నాయి, రెండుచోట్లా సమాచారం అందవలసినవాళ్లకు అందలేదు. అందుకే 'భవనం ఆగిందా' అనే ప్రశ్నను విడిగా అడిగితే నాకు అనుమానం వస్తుంది. అది ఆస్తి గురించిన ప్రశ్న. అగ్నినిరోధానికి గంటల్లో ఇచ్చే రేటింగు గోడలకూ దూలాలకూ ఇస్తారు, కొలిమిలాంటి పరీక్షాయంత్రంలో పెట్టి కొలుస్తారు. కుట్టుమిషను దగ్గర కూర్చున్న స్త్రీ లేచి నిలబడడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ యంత్రం కొలవదు. దాన్ని కొలవాలంటే ఇంజనీరింగ్ చాలదు. ఆమె లేవడానికి ఎవరి అనుమతి కావాలో తెలియాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడలు కావచ్చు, కోస్తాలోని ప్రత్యేక ఆర్థిక మండళ్లు కావచ్చు, ఇప్పుడు ఎక్కడ చూసినా ముందే తయారుచేసి తెచ్చి బిగించే ఉక్కు షెడ్లే. ఇటుక మీద ఇటుక పేర్చే రోజులు పోయాయి. లారీల్లో స్తంభాలు వస్తాయి, క్రేన్ లేపుతుంది, బోల్టులు బిగిస్తారు, రేకులు కప్పుతారు. కొన్ని వారాల్లో ఫ్యాక్టరీ సిద్ధం. ఉక్కు ఎంత తక్కువ వాడితే అంత చవక. అంటే స్తంభాలూ దూలాలూ సాధ్యమైనంత పలచగా ఉంటాయి. కార్డింగ్టన్‌లో బరువును పంచుకున్న కాంక్రీటు పలక ఇక్కడ ఉండదు. పైన రేకే. ఈ షెడ్లలో బట్టలు కుట్టేది, సెల్‌ఫోన్ భాగాలు బిగించేది, మందులు పెట్టెల్లో సర్దేది ఎక్కువగా ఆడవాళ్లే.

ఒంటి అంతస్తు షెడ్డు కప్పును మోసే ఉక్కుకు కాపుదల ఉండి తీరాలని చాలా దేశాల నిబంధనలు పట్టుబట్టవు. నేల మీదే ఉన్నారు కనుక తలుపు తీసుకుని క్షణాల్లో బయటపడతారనేది దాని వెనక ఉన్న తర్కం. ఆ తర్కంలో తప్పు లేదు. కానీ అది రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మనుషులు నేల మీదే ఉండాలి, తలుపు తెరుచుకోవాలి.

స్త్రీల ఉపాధి మీద చేసిన ఒక అధ్యయనం కోసం నేను తిరిగిన షెడ్లలో ఒకదాని గురించి చెబుతాను. పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. కింద కటింగు టేబుళ్లు, గుడ్డ తానులు, కట్టలు కట్టిన సరుకు. సగం ఎత్తులో ఇనుప దూలాలు వేసి, వాటి మీద ఇనుప పలకలు పరిచి రెండో అంతస్తు లాంటిది ఏర్పాటుచేశారు. ఇంజనీర్లు దాన్ని మెజనైన్ అంటారు. అక్కడి ఆడవాళ్లు 'పైన' అంటారు. పైన వరసలుగా కుట్టుమిషన్లు. కిందినుంచి చూస్తే ఆ దూలాలకు ఎర్ర రంగు తప్ప మరేమీ లేదు. తుప్పు పట్టకుండా వేసే మామూలు రంగు అది. దిగడానికి ఒకటే ఇనుప మెట్ల దారి, అది కూడా సరుకు కట్టల మధ్యలోకే దిగుతుంది. చెకింగులో పనిచేసే ఒకామెను "అక్కా, ఇంకో దారి లేదా?" అని అడిగాను. "ఇదొక్కటే మేడం. ఆ పక్కన షట్టర్ ఉంది గని తాళం వాచ్‌మన్ కాడ ఉంటది. మాల్ వచ్చినప్పుడే తీస్తరు" అంది. మేనేజరును అడిగితే నవ్వాడు. "మొత్తం ఐరన్ స్ట్రక్చర్ మేడం. కాలడానికి లోపల కట్టెముక్క కూడా లేదు" అన్నాడు. మేమిద్దరం నిలబడి మాట్లాడుతున్నది నా భుజాల ఎత్తున పేర్చిన పాలియెస్టర్ గుడ్డ తానుల మధ్య.

ఆ షట్టరుకు తాళం ఎందుకు? దొంగతనం భయం అన్నారు. ట్రయాంగిల్‌లోనూ అదే కారణం చెప్పారు. పని ముగిసి వెళ్లే అమ్మాయిల చేతిసంచులు వెతకడానికి వీలుగా ఒకే దారి తెరిచి ఉంచేవాళ్లు. ఒక్క జాకెట్టు ముక్క పోతుందేమోనన్న అనుమానానికి వందమంది ప్రాణాలు తాకట్టు. ఈ అనుమానం వర్గానికి సంబంధించినది మాత్రమే కాదు. ఆడవాళ్ల సంచులు, ఆడవాళ్ల ఒళ్లు తడిమి చూసే అధికారం ఎవరికైనా ఉంటుందన్న నమ్మకం కూడా అందులో ఉంది. దీనికి జోడీగా రక్షణ అనే మాట ఒకటి. ఆడపిల్లలు ఉన్నారు కనుక కిటికీలకు గ్రిల్లులు, రాత్రిళ్లు హాస్టలు గేటుకు బయటినుంచి తాళం. తల్లిదండ్రులూ అదే కోరుకుంటారని యాజమాన్యాలు చెబుతాయి, అది అబద్ధం కూడా కాదు. పితృస్వామ్యం ప్రేమగా వేసిన తాళమైనా మంటలప్పుడు తాళమే.

సమాచారం, అనుమతి అనే మరో సంగతి ఉంది. టార్గెట్ల కింద పనిచేసే స్త్రీ అలారం మోగగానే లేచిపోదు. ముందు సూపర్‌వైజర్ ముఖం చూస్తుంది. నేను మాట్లాడినవాళ్లలో చాలామంది ఈ మాట చెప్పారు. ఉత్తపుణ్యానికి లేస్తే తిట్లు, పీసులు తగ్గితే కోత. బంగ్లాదేశ్‌లో 2012 నవంబరు 24న తజ్రీన్ ఫ్యాక్టరీలో అలారం మోగింది. ఏమీ లేదు, పని చేసుకోండని పైవాళ్లు చెప్పారు. 112 మంది చనిపోయారు. అది ఉక్కు చట్రం భవనం కాదు, కూలనూ లేదు. నేను అడిగేది ఇదే. పూత లేని దూలం ఇచ్చేది పావుగంట అయినప్పుడు, అందులో అయిదు నిమిషాలు సూపర్‌వైజర్ నిర్ణయానికి, ఇంకో అయిదు ఒకే మెట్లదారి దగ్గర వరసకు పోతే మిగిలేది ఎంత? వాచ్‌మన్‌ను వెతికి తాళంచెవి తెచ్చేదెవరు?

మన నగరంలోనే 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. జిల్లాల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు. భవనం నిలబడే ఉంది. దానికి ఏడాది ముందు, 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని తుక్కు గోదాములో బీహార్ నుంచి వచ్చిన 11 మంది కార్మికులు నిద్రలోనే మంటల్లో చిక్కుకుపోయారు. పై అంతస్తు నుంచి దిగడానికి ఒకటే ఇనుప మెట్లదారి. ఆ రెండు సందర్భాల్లోనూ కొన్ని రోజులు తనిఖీల హడావుడి నడిచింది.

చట్టం లేదనడానికి వీల్లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్ మంటలప్పుడు అందరూ తప్పించుకునే సురక్షితమైన దారులు ఉండాలంది. ఉక్కు కట్టడాలకు మన జాతీయ ప్రమాణమైన ఐఎస్ 800, 2007 నాటి కూర్పులో, అగ్నినిరోధానికి ఒక విభాగమే కేటాయించింది. 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో అగ్ని భద్రతకు ఒక భాగమే ఉంది, కానీ రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకుంటే తప్ప దానికి కోరలు లేవు. 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే పాత లెక్కను ఇరవై మందికి పెంచారు. పదిహేనుమంది ఆడవాళ్లు కుట్టుపని చేసే షెడ్డు ఇప్పుడు ఆ నిర్వచనంలోకే రాదు. ఇన్‌స్పెక్టరు ఇకమీదట సదుపాయాలు కల్పించే స్నేహితుడు కూడానట, పేరే అలా మార్చారు. అదే కోడ్ స్త్రీలు తమ సమ్మతితో రాత్రి షిఫ్టులు చేయడానికి దారి తెరిచింది. రాత్రిపని హక్కును నేను వ్యతిరేకించను. ఆ షరతుల గురించి మనం జరిపిన చర్చల్లో రవాణా వచ్చింది, కెమెరాలు వచ్చాయి, మహిళా గార్డులు వచ్చారు. రాత్రి రెండు గంటలకు ఆ షట్టరు తాళంచెవి ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న రాలేదు.

యజమానులు ఖర్చు గురించి చెబుతారు. చిన్న యూనిట్ల విషయంలో ఆ మాటను నేను తోసిపుచ్చను. దూలాలకు పూత పూయాలంటే డబ్బు కావాలి, ఆ భారమంతా ఒక్కో పీసుకు రూపాయల లెక్కన బేరమాడే పెద్ద బ్రాండ్ల మీద పడకుండా చిన్న యజమాని మీద పడితే అతను షెడ్డు మూసేస్తాడు, పని పోయేది మళ్లీ ఆడవాళ్లకే. బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక 2013లో కార్మిక సంఘాలూ విదేశీ బ్రాండ్లూ కుదుర్చుకున్న ఒప్పందం అందుకే ముఖ్యమైనది. భద్రత ఖర్చులో బ్రాండ్లకు బాధ్యత ఉందని చట్టబద్ధంగా ఒప్పించిన ఒప్పందమది. కానీ తాళం తీసి ఉంచడానికి ఏ ఖర్చూ కాదు. రెండో మెట్లదారికి అయ్యేది ఒకటి రెండు మిషన్ల ఖరీదు. సరుకును మెజనైన్ కింద కాకుండా వేరే గదిలో పెట్టడానికి కావలసింది చోటు. వీటిని చేయనివాళ్లు పూత ఖరీదు గురించి మాట్లాడితే వినడం కష్టం.

థాయ్‌లాండ్ కార్మిక సంఘాలు, స్త్రీల సంఘాలు కేడర్ మృతుల కుటుంబాల పక్షాన పోరాడి పరిహారం పెంచగలిగాయి, పిల్లల చదువుకు హామీ సాధించాయి. మే 10ని ఆ దేశం జాతీయ పనిస్థల భద్రతా దినంగా ప్రకటించింది. అక్కడి స్త్రీలు భవనాల నక్షాలు చదవడం నేర్చుకున్నది శవాలను గుర్తుపట్టిన తర్వాత.

మనం ముందే నేర్చుకోవచ్చు. షెడ్డు నక్షా యజమాని దగ్గర ఉంటుంది. షెడ్డులో ఏముంది, దేనికెంత విలువ అన్న వివరాలు బీమా కంపెనీ దగ్గర ఉంటాయి. నిరభ్యంతర పత్రం ఇచ్చి ఉంటే దాని నకలు అగ్నిమాపక శాఖ దగ్గర ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ నకలు అడగవచ్చు. అందులో మెజనైన్ చూపించారా, ఎన్ని దారులు చూపించారు, ఉక్కుకు ఎన్ని గంటల రేటింగు రాశారు, ఇప్పుడు అక్కడ నిజంగా ఉన్నది ఏమిటి అని పోల్చి చూడడానికి ఇంజనీరింగ్ పట్టా అవసరం లేదు. ఆ షెడ్డులో పనిచేసే ఏ చెకింగు అక్కయినా కాగితం చేతికిస్తే పది నిమిషాల్లో చెప్పేస్తుంది.